దయ్యానికీ ఒక హిస్టరీ ఉంటుంది

పోయిన నెల మన గ్రూపులో ఒక అక్క పెట్టిన వాయిస్ మెసేజ్ మీలో చాలామంది వినే ఉంటారు. "మా వాడు అర్ధరాత్రి దాకా దయ్యాల గేములు ఆడుతున్నాడమ్మా. ఏంటా అని తొంగిచూస్తే టీవీ నిండా ఒక నర్సు. మొహం సరిగ్గా లేదు, చేతిలో ఇనప గొట్టం, వంకర్లు తిరుగుతూ మీదకొస్తోంది. నర్సులంటే వీళ్లకి ఇంత లోకువా?" అని. దాని కింద కోపం బొమ్మలు వరసగా పడ్డాయి. వాటిలో ఒకటి నాది.

తర్వాత మా అబ్బాయి యూనివర్సిటీ సెలవులకి ఇంటికొచ్చాడు. వాడూ అదే గేము ఆడుతున్నాడు. నైట్ డ్యూటీ లేని రెండు రాత్రులు వాడి పక్కన సోఫాలో కూర్చుని "ఇదెవరురా? అదెందుకు అలా ఉంది?" అని ప్రశ్నలతో వాడి ప్రాణం తీశాను. విసుక్కుంటూనే చెప్పాడు. ఆ తర్వాత నేనే వెతుక్కుని చదివాను, వేరేవాళ్లు ఆడిన వీడియోలు చూశాను. చివరికి నేను పెట్టిన కోపం బొమ్మని సగం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకో చెప్పాలంటే నలభై ఏళ్ల చరిత్ర కొంచెం చెప్పాలి. టీ పెట్టుకుని కూర్చోండి.

మనలో నర్సులు కానివాళ్ల కోసం ముందు ఒక మాట. ఆసుపత్రికి కొత్త పేషెంట్ రాగానే మేం చేసే మొదటి పనుల్లో హిస్టరీ తీసుకోవడం ఒకటి. ఎప్పటినుంచి నొప్పి, ఇంతకుముందు ఏం జబ్బులున్నాయి, ఇంట్లో ఎవరున్నారు, ఏం పని చేసేవారు. అనుకోండి, ఒక పెద్దాయన రాత్రిపూట మంచం కమ్మీలు పట్టుకుని అరుస్తున్నాడు, దగ్గరికి వెళ్తే చెయ్యి విసురుతున్నాడు. పొద్దున కూతురొచ్చి, నాన్న గనిలో పనిచేసేవాడు, ఒకసారి చీకట్లో లోపల చిక్కుకుపోయాడు అని చెబుతుంది. ఆ రాత్రి నుంచి ఆయన మంచం దగ్గర చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆయన జబ్బు మారలేదు. మన చేతులు చేసే పని మారింది.

భయపెట్టే గేముల్లో పాత్రల వెనక కథలు చేసేది కూడా ఇదే అని నాకు అర్థమైంది. వెనక కథ అంటే మన సినిమా భాషలో ఫ్లాష్‌బ్యాక్. 'చంద్రముఖి' చూసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. గజ్జెల చప్పుడు వినిపించినంతసేపు భయపడ్డాం, ఆ నర్తకికి ఏం జరిగిందో తెలిశాక ఆ భయంలో జాలి కలిసింది. కానీ సినిమాలో మనం చేసేదేం లేదు, చూస్తూ కూర్చుంటాం. గేములో తలుపు తీసేది, కాల్చేది, పారిపోయేది మన బొటనవేలే. అందుకని అక్కడ వెనక కథ తెలిస్తే మనం చేసిన పని కూడా మనకి కొత్తగా కనిపిస్తుంది.

మొదట్లో ఈ కథలు గేములో ఉండేవే కావు. 1980ల ఆరంభంలో అటారీ వాళ్ల 'హాంటెడ్ హౌస్' అని ఒకటి వచ్చింది. చీకటి బంగళాలో మనం తిరగాలి. తెర మీద మనం ఎలా కనిపిస్తామంటే, రెండు కళ్లు. అంతే. పగిలిపోయిన ఒక పాత్ర ముక్కలు వెతికి బయటికి తేవాలి. ఆ ఇల్లు ఎవరిది, అక్కడి దయ్యం ఎవరిది అన్నది పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలో రాసి ఉండేది. అప్పటి క్యాట్రిడ్జ్‌లు చాలావాటిలో ఉండే చోటు 4 కిలోబైట్లు. మనం గ్రూపులో పెట్టే ఒక్క గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు. కథకి చోటెక్కడ? ఆ పుస్తకం పారేసుకున్న పిల్లలకి దయ్యం అంటే తెర మీద కదిలే ఒక గుర్తు మాత్రమే.

1989లో జపాన్‌లో క్యాప్‌కామ్ అనే కంపెనీ 'స్వీట్ హోమ్' అని ఒక గేము తెచ్చింది. అదే ఏడాది కియోషి కురోసావా తీసిన అదే పేరున్న సినిమా దానికి ఆధారం. టోకురో ఫుజివారా ఆ గేముకి దర్శకుడు. పాడుబడ్డ బంగళాలో ఒక చిత్రకారుడు గోడల మీద వేసిన బొమ్మల్ని బాగుచేసి, వీడియో తీయడానికి ఐదుగురు వెళ్తారు. లోపల మమియా అనే ఇల్లాలి ఆత్మ ఉంటుంది. ఐదుగురిలో ఎవరైనా చచ్చిపోతే ఇక తిరిగి రారు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె అకికో అనే అమ్మాయి దగ్గర ఉంటుంది, ఆ పిల్ల పోతే మిగతావాళ్ల అవస్థ చెప్పక్కర్లేదు.

ఆ ఇంట్లో తిరుగుతుంటే చీటీలు, గోడ మీద రాతలు, డైరీ ముక్కలు దొరుకుతాయి. ఒక్కొక్కటే చదివితే తెలుస్తుంది: ఆ ఇల్లాలి పసిబిడ్డ ఇంట్లో చెత్త కాల్చే కొలిమిలో పడి చనిపోయాడు. ఆమెకి మతి తప్పింది. తన బిడ్డ ఒంటరిగా ఉన్నాడని, తోడు కోసం ఊళ్లో పిల్లల్ని ఎత్తుకొచ్చి చంపింది. చివరికి తానూ ప్రాణం తీసుకుంది. ఆమె చేసింది క్షమించగలిగేది కాదు. కానీ చివరి పోరాటంలో ఆమెని కత్తితో నరుకుతూ పోతే సరిపోదు. ఆ బిడ్డకి సంబంధించిన గుర్తుల్ని ఆమె ముందు పెట్టాలి. అప్పుడే ఆమె శాంతిస్తుంది. చూశారా, అప్పటిదాకా కథ చదవకుండా పరిగెత్తినవాడికి ఆ వస్తువులు ఎందుకు ఏరుకున్నాడో కూడా అర్థం కాదు. వెనక కథ అలంకారంగా పెట్టింది కాదు అక్కడ, తాళంచెవి అది.

1992లో ఫ్రాన్స్ నుంచి 'అలోన్ ఇన్ ద డార్క్' వచ్చింది. అమెరికాలోని లూసియానాలో ఒక బంగళా, ఉరేసుకుని చనిపోయిన యజమాని. చనిపోయినాయన బంధువు ఎమిలీగా అయినా వెళ్లొచ్చు, కార్న్‌బీ అనే డిటెక్టివ్‌గా అయినా వెళ్లొచ్చు. ఇల్లు ఒకటే, రాక్షసులు అవే. ఒకరిది సొంత ఇంటి దుఃఖం, ఒకరిది జీతం కోసం చేసే పని. ఇక్కడా అల్మరాల్లో పుస్తకాలు, ఉత్తరాలు చదువుకుంటూ పోవాలి.

ఆ నాలుగేళ్లకి, 1996లో, ఇప్పటికీ మన పిల్లలు చెప్పుకునే 'రెసిడెంట్ ఈవిల్' వచ్చింది. జపాన్‌లో దాని పేరు 'బయోహజార్డ్'. తయారుచేసింది షింజి మికామి బృందం. 'స్వీట్ హోమ్'ని కొత్తగా చేద్దామన్న ఆలోచనలోంచే అది పుట్టింది. అందులో ఒక గదిలో జంతువుల్ని చూసుకునే పనివాడి డైరీ దొరుకుతుంది. మొదటి పేజీల్లో మామూలు కబుర్లు, పేకాట, కుక్కలకి మేత. తర్వాత ఒంటి మీద దురద. తర్వాత కట్టు కట్టారని, వాపొచ్చిందని. రానురాను వాక్యాలు పొట్టివైపోతాయి, చివరికి రెండే రెండు మాటలు మిగులుతాయి. నర్సులకి చెబుతున్నా, మన అబ్జర్వేషన్ చార్టులో అంకెలు గంటగంటకీ దిగజారుతుంటే కడుపులో ఏమవుతుందో, అది చదువుతుంటే నాకు అలాగే అయింది. డైరీ మూయగానే ఆ గదిలోనే అల్మరా తలుపు తెరుచుకుంటుంది. బయటికొచ్చింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అప్పటిదాకా ఎన్నో జాంబీలని కాల్చినవాడికి కూడా ఈసారి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఎందుకంటే ఇప్పుడు వచ్చినవాడు పేకాట ఆడిన మనిషి.

అదే గేముని 2002లో మళ్లీ తయారుచేసినప్పుడు లీసా ట్రెవర్ అనే పాత్రని చేర్చారు. ఆ బంగళా కట్టిన ఆర్కిటెక్ట్ కూతురు ఆ పిల్ల. 1967లో తల్లినీ కూతుర్నీ పట్టుకుని వాళ్ల మీద వైరస్ ప్రయోగాలు చేశారు. తల్లి చనిపోయింది, లీసా చావలేదు. చేతులకి సంకెళ్లతో, రూపం పోయి, దశాబ్దాలుగా అమ్మ కోసం వెతుకుతూ తిరుగుతోంది. అమ్మ మొహం కావాలని ఆడవాళ్ల మొహాలు చీల్చి తగిలించుకుంటుంది. ఎన్ని గుళ్లు కాల్చినా ఆమె చావదు. చివరికి ఆటగాడు రాళ్లు నెట్టి ఒక శవపేటిక తెరవాలి. లోపల తల్లి పుర్రె. దాన్ని గుండెకి హత్తుకుని లీసా అగాధంలోకి దూకేస్తుంది. మా వాడికి ఆ గేములో ఇష్టమైన ఆయుధాలు చాలా ఉన్నాయట, ఆ ఘట్టంలో మాత్రం ఏదీ పనికిరాదు అన్నాడు.

ఇక మన నర్సు దగ్గరికి వద్దాం.

'సైలెంట్ హిల్' మొదటి గేము 1999లో కొనామి కంపెనీ నుంచి వచ్చింది. దర్శకుడు కెయిచిరో టొయామా. ఊరంతా మంచు పొగ. అప్పటి ప్లేస్టేషన్‌కి దూరం దాకా ఊరుని గీసి చూపించే శక్తి లేక ఆ లోటు కప్పడానికి పొగ వేశారు, అదే ఆ గేముకి పేరు తెచ్చింది. హ్యారీ అనే రచయిత తప్పిపోయిన ఏడేళ్ల పెంపుడు కూతురు కోసం వెతుక్కుంటూ ఆ ఊళ్లో తిరుగుతాడు. అక్కడి ఆసుపత్రిలో నర్సు లాంటి ఆకారాలు వీపు మీద ఏదో గడ్డలాంటి పురుగు మోస్తూ మీదపడతాయి. వాటి మధ్యలో ఒక్క మామూలు నర్సు కనిపిస్తుంది. పేరు లీసా గార్లాండ్. పోయిన గేములో లీసా వేరు, ఈ లీసా వేరు.

ఏడేళ్ల కిందట అలెస్సా అనే చిన్నపిల్లని కన్నతల్లే మూఢనమ్మకంతో నిప్పులకి బలిచ్చింది. ఒళ్లంతా కాలిన ఆ పిల్లని చావనివ్వకుండా ఆసుపత్రి నేలమాళిగలో రహస్యంగా దాచారు. ఆ పిల్లకి కట్లు మార్చే పని లీసాది. మానని గాయాలు, ఆగని రక్తం, చావని పేషెంట్. భయపడి, ఇక ఈ డ్యూటీ చెయ్యలేనని బతిమాలింది. పైన ఉన్న డాక్టరు ఆమెకి మత్తుమందు అలవాటు చేసి నోరు నొక్కేశాడు. ఊళ్లో తిరిగే ఆ భయంకరమైన ఆకారాలు అలెస్సా పీడకలల్లోంచి వచ్చినవి. కాలిన పిల్లకి రోజూ కనిపించిన మనుషులు నర్సులే కదా, అందుకే ఆమె పీడకలలోనూ వాళ్లే ఉన్నారు.

చివర్లో తానూ ఎప్పుడో చచ్చిపోయిందని, తాను కూడా బయట తిరిగే వాటిలాంటిదేనని లీసాకి తెలుస్తుంది. మొహం మీద రక్తం కారుతుంటే కాపాడమని హ్యారీ దగ్గరికి వస్తుంది. హ్యారీ భయపడి ఆమెని తోసేసి తలుపు మూసేస్తాడు. అవతల ఆమె ఏడుపు వినిపిస్తుంది. మళ్లీ ఆ గదిలోకి వెళ్తే మనిషి లేదు, డైరీ ఉంది. ఆమె హిస్టరీ మొత్తం మన చేతికి వచ్చేసరికి ఆమెకి చేయగలిగింది ఏమీ లేదు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇలా ఆలస్యంగా చదివిన కేస్‌షీట్లు నాకూ ఉన్నాయి. నేను కోపం బొమ్మ వెనక్కి తీసుకుంది ఇక్కడే.

అక్క టీవీలో చూసింది రెండో భాగం. 2001లో మొదట వచ్చింది, 2024లో పోలండ్‌కి చెందిన బ్లూబర్ టీమ్ కొత్తగా తయారుచేసింది. జేమ్స్ అనేవాడికి భార్య మేరీ రాసిన ఉత్తరం వస్తుంది, మన ఊళ్లో నీ కోసం ఎదురుచూస్తున్నానని. మేరీ జబ్బుతో చనిపోయి మూడేళ్లయిందని జేమ్స్ నమ్మకం. అయినా వెళ్తాడు. ఆ ఊళ్లో ఆసుపత్రి, అందులో మొహాలు వాచిపోయిన నర్సులు. ఇంకో చోట తల మీద ఇనప పిరమిడ్ లాంటిది పెట్టుకున్న తలారి. లారా అనే ఎనిమిదేళ్ల పాప మాత్రం అదే ఊళ్లో హాయిగా తిరుగుతుంటుంది. ఆ పిల్లకి ఏ రాక్షసీ కనిపించదు. ఆ పిల్ల మనసులో ఏ నేరమూ లేదు మరి.

హోటల్ గదిలో ఒక వీడియో టేపు చూశాక నిజం బయటపడుతుంది. మేరీ చనిపోయి మూడేళ్లు కాలేదు. మంచాన పడ్డ భార్యని జేమ్సే దిండుతో ఊపిరాడకుండా చేసి చంపాడు. ఆ నర్సులు, ఆ తలారి, అన్నీ అతని లోపలివే. ఆసుపత్రి కారిడార్లలో గడిపిన కాలం, ఆ విసుగు, ఆ కోరిక, తనకి శిక్ష పడాలన్న ఆశ, అన్నీ ఆకారాలై తిరుగుతున్నాయి.

టేపు చూశాక, హోటల్ కారిడార్‌లో నడుస్తుంటే పాత సంభాషణ ఒకటి వినిపిస్తుంది. జేమ్స్ పువ్వులు తీసుకెళ్తే మేరీ వద్దని అరుస్తుంది, నా మొహం చూడకు వెళ్లిపో అంటుంది. మరుక్షణం వెళ్లకు, నా దగ్గరుండు అని ఏడుస్తుంది. వార్డులో పనిచేసినవాళ్లకి ఈ గొంతు తెలుసు. ఇంట్లో మంచాన పడ్డవాళ్లని చూసుకున్నవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, వదిన అనుమతితోనే రాస్తున్నాను. మా నాన్నకి పక్షవాతం వచ్చి నాలుగేళ్లు మంచంలో ఉన్నారు. నేను ఇక్కడ, వేరేవాళ్ల నాన్నల్ని చూసుకుంటూ ఉన్నాను. అక్కడ నాన్నని చూసింది వదిన. నేను డబ్బు పంపేదాన్ని, వీడియో కాల్‌లో సలహాలు ఇచ్చేదాన్ని. "రెండు గంటలకోసారి పక్కకి తిప్పు వదినా, లేకపోతే పుండ్లు పడతాయి" అని. రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి తిప్పింది తనే. నాలుగేళ్లలో నాన్న వీపు మీద ఒక్క పుండు పడలేదు. నాన్న పోయిన పదకొండో రోజు వదిన ఫోన్‌లో అంది: "పోయారని తెలియగానే ముందు అమ్మయ్య అనిపించింది. నువ్వు నర్సువి కదా, చెప్పు, నేను చెడ్డదాన్నా?" నేను "ఛ, అదేం మాట వదినా" అని మాట మార్చేశాను.

జేమ్స్ చేసింది హత్య. వదిన చేసింది నాలుగేళ్ల సేవ. రెంటినీ ఒక గాటన కట్టడం లేదు నేను. కానీ అలసిపోయిన మనసులో కలిగే ఆ ఒక్క మాట గురించి, దాని వెంట వచ్చే సిగ్గు గురించి, నాకు తెలిసినంతలో ఎవరూ మాట్లాడరు. సేవ చేసినవాళ్లని దేవతలంటాం, అక్కడితో సరి. ఒక దయ్యాల గేము ఆ సిగ్గుని ఊరంత చేసి, అందులో మనల్ని నడిపించింది.

ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. ఈ గేముకి ముగింపులు చాలా ఉన్నాయి. ఏది వస్తుందో మనం ఆడే తీరు బట్టి ఉంటుంది, మనకి చెప్పకుండానే లెక్క కడుతుంది. మేరీ ఫొటో, ఉత్తరం తీసి చూసుకుంటూ, దెబ్బ తగిలితే వెంటనే మందు వాడుకుంటూ పోతే, జేమ్స్ ఆ ఊరు వదిలి బతుకులోకి వెళ్లే ముగింపు వైపు మొగ్గుతుంది. గాయంతోనే తిరుగుతూ, అక్కడ ఏంజెలా అనే అమ్మాయి ఇచ్చిన కత్తిని మాటిమాటికీ చూస్తే, అతను నీళ్లలో ప్రాణం వదిలే ముగింపు వైపు. తనని తాను పట్టించుకోని మనిషిని నర్సులు మొదట ఎలా పోల్చుకుంటారో ఆ గేమూ అలాగే పోల్చుకుంది. జేమ్స్ వెనక కథ రాసినవాళ్లది, ముందు కథ ఆడేవాడి చేతుల్లో పెట్టారు.

మరి కోపం బొమ్మని సగమే ఎందుకు వెనక్కి తీసుకున్నాను? మిగతా సగం ఇందుకు. 2006లో 'సైలెంట్ హిల్' సినిమా వచ్చింది. అందులో ఆ నర్సులూ ఉన్నారు, ఇనప పిరమిడ్ తలారీ ఉన్నాడు. జేమ్స్ లేడు, మేరీ లేదు. జేమ్స్ నేరంలోంచి పుట్టిన తలారికి జేమ్స్ లేనిచోట ఏం పని? ఆ తర్వాత వేరే గేముల్లోకీ, బొమ్మల దుకాణాల్లోకీ కూడా వెళ్లాడు. అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ షాపుల్లో రక్తం మరకల పొట్టి గౌను నర్సు వేషాలు వేలాడుతుంటాయి, మీరూ చూస్తూనే ఉన్నారు. కథ ఊడిపోయాక మిగిలింది ఆ గౌనే. అక్క కోపం ఆ గౌను మీద అయితే నేనూ ఆమె పక్కనే నిలబడతాను. పిచ్చాసుపత్రి పెట్టి, అందులో రోగుల్ని కథా కమామీషూ లేకుండా రాక్షసులుగా వదిలే గేముల మీద అయితే ఇంకా గట్టిగా నిలబడతాను. వెనక కథ ఎందుకు ముఖ్యమో అది లేనిచోట చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

2017లో ఈ దారిలో రెండు పెద్ద అడుగులు పడ్డాయి. ఒకటి తైవాన్‌లో రెడ్ క్యాండిల్ అనే చిన్న సంస్థ చేసిన 'డిటెన్షన్'. తైవాన్‌లో 1949 నుంచి 1987 దాకా సైనిక చట్టం నడిచింది. నిషేధించిన పుస్తకం దగ్గర దొరికినా జైలే, కొందరికి మరణశిక్ష. గేము 1960ల నాటి ఒక హైస్కూల్లో జరుగుతుంది. కొందరు టీచర్లు, పిల్లలు రహస్యంగా నిషేధిత పుస్తకాలు చదువుకుంటుంటారు. రే అనే విద్యార్థిని ప్రేమలో దెబ్బతిని, అసూయతో ఆ జాబితాని స్కూల్లోని సైనిక అధికారికి అందేలా చేస్తుంది. ఒక ఇంటి గొడవల్లో నలిగిన పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్ల చేసిన పనికి మనుషులు పోతారు. తర్వాత తానూ ప్రాణం తీసుకుని, ఆ స్కూల్లోనే తిరుగుతుంటుంది. మనం ఆడేది ఆ పిల్లగానే. చివర్లో గేము ఆమెని ప్రశ్నలు అడుగుతుంది. తప్పు ఒప్పుకునే జవాబులిస్తేనే ఆ తిరుగుడు ఆగుతుంది, దాటేస్తే మళ్లీ మొదటికే. ఒక దేశం తన చరిత్రని మర్చిపోవాలా, గుర్తుంచుకోవాలా అన్న ప్రశ్నని ఒక దయ్యం పిల్ల నోట పెట్టారు. 2019లో అది సినిమాగా కూడా వచ్చింది.

రెండోది మన బ్రిటన్‌లోనే, కేంబ్రిడ్జ్‌లో నింజా థియరీ వాళ్లు చేసిన 'హెల్‌బ్లేడ్'. సెనువా అనే యోధురాలికి ఎప్పుడూ గొంతులు వినిపిస్తుంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ గుసగుసలు మన తల చుట్టూ తిరుగుతాయి. తల్లికీ అలాగే ఉండేది. తండ్రి అది శాపమని తల్లిని మంటల్లో కాల్పించాడు, కూతుర్ని చీకట్లో పెంచాడు. ఈ కథ కోసం వాళ్లు పాల్ ఫ్లెచర్ అనే కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ సలహా తీసుకున్నారు. అలా గొంతులు విన్న అనుభవం ఉన్నవాళ్లతో కూర్చుని మాట్లాడారు. అంటే హిస్టరీ తీసుకున్నారు. సెనువాగా నటించిన మెలీనా యుర్గెన్స్ అక్కడ వీడియో ఎడిటర్‌గా పనిచేసే అమ్మాయి. 2018లో ఆ గేముకి ఐదు బాఫ్టాలు వచ్చాయి, అందులో నటనకి వచ్చింది ఆమెది. రోగిని రాక్షసిగా చూపించడం నుంచి రోగి కళ్లతో చూపించడం దాకా వచ్చాం, ఇది చిన్న సంగతి కాదు.

"అన్నీ చెప్పేస్తే భయం పోదా అమ్మా?" అని మా వాడు అడిగాడు. నిజమే. తలుపు వెనక ఏముందో తెలియనప్పుడే ఒళ్లు జలదరిస్తుంది. అందుకే మంచి గేములు చీటీ ముక్కలుగా చెబుతాయి, సగం మనల్నే ఊహించుకోమంటాయి. పేషెంట్ కూడా మొదటి రోజే అంతా చెప్పేయరు కదా, మూడో రోజు మంచినీళ్లు తాగుతూ ఒక మాట జారుతుంది. పైగా తెలిశాక భయం పోదు, రకం మారుతుంది. అది నన్నేం చేస్తుందో అన్న భయం పోయి, నేను దాన్నేం చేశానో అన్న భయం వస్తుంది. రెండోది గేము ఆపేశాక కూడా ఉంటుంది.

కాబట్టి అక్కా, ఇవి పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల గేములు, మీ వాడు చిన్నవాడైతే కట్టేయించండి, అందులో మొహమాటం లేదు. పెద్దవాడైతే టీవీ కట్టేయకుండా ఒకసారి పక్కన కూర్చుని "ఈ నర్సు ఎవర్రా? ఈవిడకి ఏం జరిగింది?" అని అడగండి. వాడు జవాబు చెప్పలేకపోతే ఆ గేము మీ కోపానికి తగినదే. చెప్పగలిగితే మాత్రం పూర్తిగా వినండి. ఇళ్లల్లో మాట్లాడుకోని సంగతులు వాడు ఆ గేము పేరు మీద మాట్లాడుతూ ఉండొచ్చు.

మేం ఆ గేము ముగించిన రాత్రి ఇక్కడ రెండు దాటింది, అక్కడ తెల్లారిపోయింది. వదినకి ఫోన్ చేశాను. ఏమైంది, ఈ వేళప్పుడు చేశావేంటి అని కంగారుపడింది. ఏం లేదన్నాను. "నాన్న దగ్గర ఆ నాలుగేళ్లూ నీకెలా గడిచాయో నేనెప్పుడూ అడగలేదు వదినా. ఇప్పుడు చెప్పు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది, కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది. గంటా పది నిమిషాలు చెప్పింది. నేను మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు.